భయం లేని గొంతులు

కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడి ఇందుమతి చేతిలో పళ్ళెం వదిలేసిన రోజునే ఆమె భర్త త్రినాథ్‌కి ఆ పరికరం ఆలోచన వచ్చింది. పళ్ళెం స్టీలుది కాబట్టి పగల్లేదు కానీ, అది నేలమీద గింగిరాలు తిరిగిన మోతకి ఆమె రెండు చెవులూ మూసుకుని వంటింటి గట్టు కింద కూలబడిపోయింది. అతను గ్యాస్ కట్టేసి పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి ఆమె చేతులు దించింది.

"ఇవాళ ఎన్ని?" అని అడిగాడు.

"లెక్కపెట్టడం మానేశానండీ."

ఇందుమతిది విశాఖపట్నంలోని ఆపన్న సహాయ కేంద్రంలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. ఇల్లు అంటుకున్నా, లారీ గుద్దేసినా, గుండె పట్టేసినా మూడు జిల్లాల జనం చేసే ఫోన్లు అక్కడికే వస్తాయి. వివరాలు అడిగి, ప్రమాదం ఎంతో చూసి కేసుకి ఎరుపో పసుపో ఆకుపచ్చో గుర్తు పెట్టి, దాన్నిబట్టి అంబులెన్సు పంపాలి. పంపడంలో ఆమెకి తొమ్మిదేళ్ళుగా మంచి పేరు. కాని ఫోన్లలో విన్న కేకలు ఆమెతోపాటే ఇంటికి వచ్చేసేవి. మిక్సీ తిరిగినా, వీధిలో పిల్లలు ఆటలో అరిచినా ఒళ్ళంతా బిగుసుకుపోయేది. ముఖ్యంగా పిల్లల గొంతులు. ఆ ఏడాది ఆమెతో కలిపి నలభైమందిలో పదకొండుమంది ఉద్యోగం మానేశారు.

త్రినాథ్ డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు. హీరో గొంతు చించుకుని అరిచినా ప్రేక్షకుడి చెవికి గుచ్చుకోకుండా చెయ్యడం అతనికి ఇరవై ఏళ్ళుగా వచ్చిన పని. ఈక్వలైజర్ తెరమీద గొంతు ముప్ఫై ఒక్క పట్టీలుగా విడిపోయి కనిపిస్తుంది. ఎడమ చివర గొంతులోని బరువు, కుడి చివర సకారాల బుస. ఏ పట్టీ చెవిని కోస్తోందో దాన్ని కిందికి దించుతాడు. కంప్రెసర్ పని వేరు. ఒక హద్దు పెడితే, దాన్ని దాటి ఎగిరిన శబ్దాన్ని ఎగిరినచోటే నొక్కేస్తుంది. ఈ రెండింటినీ కలిపి ఇందుమతి హెడ్‌ఫోన్‌కి ఒక చిన్న పెట్టె తయారుచేసి ఇచ్చాడు.

వారం వాడి తిరిగి ఇచ్చేసింది. "కేక చిన్నదయింది. పోలేదు," అంది.

ఆ పెట్టె సంగతి విని కేంద్రం ప్రయోగశాల అధిపతి కాత్యాయని గారు అతన్ని పిలిపించింది. ఉద్యోగం ఇచ్చి, గది ఇచ్చి, పాత కాల్స్ రికార్డింగులు ఇచ్చింది. ఎనిమిది నెలలు అతను ఆ గదిలో ఇతరుల ప్రాణభయాన్ని వింటూ కూర్చున్నాడు. చివరికి అతనికి దొరికిందేమిటంటే, మనిషి భయపడి అరిచినప్పుడు చెవిని పట్టుకునేది ఆ శబ్దం పెద్దదవడం కాదు. గొంతు సెకనుకి డెబ్భై ఎనభైసార్లు గరగరమని వణుకుతుంది. ఆ వణుకే వినేవాడి గుండెలోకి దిగుతుంది. దాన్ని కనిపెట్టి, ఇస్త్రీ చేసినట్టు చదును చేసేసే యంత్రాన్ని అతను తయారుచేశాడు. ప్రతి మాటా అలాగే ఉంటుంది. భయం మాత్రం ఉండదు. ఆపరేటరు మణికట్టుకి ఒక పట్టీ ఉంటుంది. ఏ గొంతుకి నాడి ఎగురుతోందో ఆ పట్టీ చెబుతుంది, యంత్రం నేర్చుకుంటుంది, మర్నాడు ఆ రకం గొంతుని ఇంకాస్త చదును చేస్తుంది. దానికి 'నెమ్మది' అని పేరు పెట్టింది కాత్యాయని గారే.

నెమ్మది పెట్టిన మొదటిరోజు ఇందుమతి ఇంటికి వచ్చి, "ఇవాళ అందరూ బస్సు టైము అడుగుతున్నట్టు మాట్లాడారండీ," అని నవ్వింది. నెల తిరిగేసరికి ఆమె తిండి తినడం మొదలుపెట్టింది. రెండు నెలలకి పక్కవాటా పిల్లల్ని పిలిచి జంతికలు పెట్టింది. ఆర్నెల్లలో కేంద్రంలో ఒక్కరు కూడా మానలేదు. త్రినాథ్ జీవితంలో అంత తృప్తిగా ఉన్న రోజులు అంతకుముందు లేవు, ఆ తరవాతా లేవు.

మే నెలలో ఒక శుక్రవారం పొద్దున అతను వారపు తనిఖీకి కూర్చున్నాడు. కాల్స్ రెండు రకాలుగా రికార్డవుతాయి, ఫోన్లోంచి వచ్చినట్టు ఒకటి, ఆపరేటరు విన్నట్టు ఇంకొకటి. ఆ వారం నెమ్మది ఏ కాల్‌లో ఎక్కువ కష్టపడిందో జాబితా తీశాడు. అన్నిటికంటే పైన ఉన్నది డెబ్భై సెకన్ల కాల్. సీటు నంబరు పద్నాలుగు. అది ఇందుమతి సీటు.

ముందు ఆపరేటరు విన్నది పెట్టాడు.

"మా అమ్మ లెగట్లేదు," అంటోంది ఒక చిన్నపిల్ల. పక్కింట్లో పంచదార అడగడానికి వచ్చినట్టుంది గొంతు.

"పడుకుందా అమ్మా?" ఇందుమతి గొంతు.

"ఊఁ. పడుకుంది. లెగట్లేదు."

"జ్వరమొచ్చిందా?"

"తెలీదు."

"నాన్న ఉన్నారా?"

"పన్లోకెళ్ళాడు. అమ్మ లెగట్లేదు."

ఇందుమతి ఓపిగ్గా పేరూ వీధీ అడిగింది. ఆ పిల్ల లిఖిత, గోపాలపట్నం దగ్గర ఏదో కాలనీ. పసుపు గుర్తు పెట్టింది. సెలవుల్లో పిల్లలు ఆటకి కూడా ఫోన్లు చేస్తూ ఉంటారు.

తరవాత త్రినాథ్ ఫోన్లోంచి వచ్చిన రికార్డింగు పెట్టాడు. మొదటి మాటకే హెడ్‌ఫోన్ లాగి పారేశాడు. కాసేపటికి మళ్ళీ పెట్టుకుని చివరిదాకా విన్నాడు. అవే మాటలు, అదే వరస. కాని ఆ పిల్ల మాట్లాడటంలేదు, ఊపిరాడక కొట్టుకుంటోంది. 'లెగట్లేదు' అన్న ప్రతిసారీ గొంతు చీలిపోతోంది. ఆ కేక విన్న ఏ మనిషీ పసుపు గుర్తు పెట్టడు.

రిజిస్టరు తీసి చూశాడు. అంతకుముందే వచ్చిన రెండు ఎరుపు కేసుల తరవాత అంబులెన్సు నలభై నిమిషాలకి వెళ్ళింది. తల్లికి షుగరు, ఒంట్లో చక్కెర పూర్తిగా పడిపోయి స్పృహ తప్పింది. ప్రాణం ఉంది. ఎవర్నీ గుర్తుపట్టడంలేదు.

ఇందుమతి చెవికి నెమ్మది నేర్చుకున్న పటాన్ని తెరమీదికి తెచ్చాడు. లారీ హారన్లు, మగవాళ్ళ తిట్లు, అద్దాలు పగిలిన చప్పుళ్ళు కొంచెం కొంచెం దిగి ఉన్నాయి. ఒక్కచోట మాత్రం గీత నిలువునా నూతిలోకి పడ్డట్టు పడింది. పిల్లల గొంతుల చోటు. ఆమెను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిందేదో యంత్రం సరిగ్గా నేర్చుకుంది, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు ఆమెకి వినపడకుండా చేసింది.

కాత్యాయని గారు రెండు రికార్డింగులూ విని కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"తీసేద్దాం మేడమ్," అన్నాడు త్రినాథ్. "ఇవాళే."

"తీసేసి?"

"అర్థం కాలేదు."

"తీసేస్తే మూడు నెలల్లో పదిమంది మానేస్తారు. ఖాళీ కుర్చీ ముందు మోగిన ఫోన్‌కి ఏ రంగు పెడతాం? పోయినేడు ఎవరూ ఎత్తక తెగిపోయిన కాల్స్ ఎన్నో మీకు తెలుసా? వాటికి రికార్డింగ్ కూడా ఉండదు, మీరు విని బాధపడటానికి."

"అలాగని ఇది..."

"అలాగని ఇది మంచిదని నేనన్లేదు, త్రినాథ్ గారూ. మీరు పోగొట్టిన భయం ఎంతో ఆపరేటరుకి తెలిసేలా చెయ్యండి. అంతేగాని వెనక్కి వెళ్ళలేం."

ఆవిడ తప్పు మాట్లాడి ఉంటే అతనికి సుఖంగా ఉండేది. గట్టిగా అరిచి బయటికి వచ్చేవాడు. ఆవిడ అన్నదాంట్లో కొట్టిపారెయ్యడానికి ఏమీ దొరకలేదు. అదే అతనికి ఒళ్ళు మండించింది.

ఇంటికి వెళ్ళేసరికి ఇందుమతి వాకిట్లో కూర్చుని చింతచిగురు నలుపుతోంది. పక్కవాటా పిల్లాడు మెట్లమీద గొంతెత్తి ఏడుస్తున్నాడు. ఆమె తలెత్తి వాణ్ణి చూసి, "ఏరా, మీ అక్క కొట్టిందా?" అని అడిగి మళ్ళీ పనిలో పడింది. చెయ్యి వణకలేదు. రెండేళ్ళ కిందట ఇలాంటి సాయంకాలం కోసం అతను ఏమైనా ఇచ్చేవాడు. ఇప్పుడు ఆ రికార్డింగు సంగతి చెప్పకుండానే చెప్పులు విడిచి లోపలికి పోయాడు.

మూడు వారాలు ఒక దీపం మీద పనిచేశాడు. నెమ్మది ఎంత వణుకు తీసేసిందో కొలిచి ఆపరేటరు బల్లమీద వెలిగే దీపం. ఎక్కువ తీసేస్తే ఎరుపు, తక్కువైతే ఆకుపచ్చ. వినడానికి తేలిగ్గా ఉంది. బల్లమీద పెట్టి చూసేసరికి తల బాదుకోవాలనిపించింది.

ఎదురింటి కుక్క మొరుగుతోందని బూతులు తిడుతున్నవాడికి దీపం ఎర్రగా వెలిగింది. కోపానికీ భయానికీ గొంతు ఒకేలా గరగరలాడుతుంది. హద్దు పైకి జరిపాడు. అప్పుడు ఇల్లు అంటుకున్నవాళ్ళు ఆకుపచ్చలోకి పోయారు. కిందికి జరిపాడు. ఫోన్ కలవక విసుక్కున్న ముసలాయన ఎరుపులోకి వచ్చాడు. పట్టీలు మార్చాడు, కొలతలు మార్చాడు, పాతవన్నీ చెరిపేసి మొదట్నుంచి మొదలుపెట్టాడు. చివరివారంలో చోడవరం వైపు నుంచి ఒకామె ఫోన్ చేసి, తన భర్త ట్రాక్టరు కింద పడ్డాడని, ఊరి పేరు, రోడ్డు మలుపు, అక్కడున్న రైసుమిల్లు పేరు అన్నీ వరసగా చెప్పింది. దీపం ఆకుపచ్చ. నెమ్మది తప్పేమో అని త్రినాథ్ అసలు రికార్డింగు విన్నాడు. అందులోనూ వణుకు లేదు. కొందరు భయపడితే అరవరు, రాయిలా అయిపోతారు. అక్కడ కొలవడానికి ఏమీ లేదు.

అన్నిటికంటే అతన్ని కుంగదీసింది ఇంకొకటి. ఆ కాల్ ఎత్తిన కుర్ర ఆపరేటరు, "దీపం పచ్చగానే ఉంది గదా సార్, అందుకే కొంచెం ఆలోచించాను," అన్నాడు. ట్రాక్టరు కింద పడ్డాడన్న మాట స్పష్టంగా విన్నాడు. విని కూడా దీపం వైపు చూశాడు.

త్రినాథ్ దీపాలన్నీ ఊడదీసి అట్టపెట్టెలో పడేశాడు. ఆ మధ్యాహ్నమే ఇందుమతిని ప్రయోగశాలకి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నీకొకటి వినిపించాలి ఇందూ. మూడు వారాల కిందటే వినిపించాల్సింది."

ఆమె మొదట ఆ రోజు తను విన్న రికార్డింగే విని, "ఈ పిల్ల గుర్తుంది," అంది. "ఏమయింది?"

అతను రెండోది పెట్టాడు. ఆమె హెడ్‌ఫోన్ లాగెయ్యలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని డెబ్భై సెకన్లూ విన్నది. విన్నాక తల్లి సంగతి అడిగింది. చెప్పాడు.

"మూడు వారాలు నా ఎదురుగా అన్నం తిన్నారు," అంది.

"దీన్ని బాగుచేసి చెబుదామనుకున్నాను."

"బాగయిందా?"

అతను అట్టపెట్టె వైపు చూశాడు. ఆమె లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి లిఖిత తల్లి ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళింది. సాయంత్రం తిరిగివచ్చి, కాళ్ళు కడుక్కుని, వంటింట్లో మంచినీళ్ళు తాగింది. త్రినాథ్ వెనకాలే వెళ్ళి నిలబడ్డాడు.

"నేనెవరో చెప్పాను వాళ్ళ నాన్నకి," అంది ఇందుమతి. "గౌరినాయుడని, పోర్టులో కూలీ. తిడతాడనుకున్నాను. 'మీరు పంపబట్టే బతికిందమ్మా' అని దణ్ణం పెట్టాడు. అసలు సంగతి చెప్పలేకపోయాను."

"ఆవిడ?"

"కళ్ళు తెరిచి ఉంది. పిల్ల వెళ్ళి చెయ్యి పట్టుకుంటే తీసేసుకుంది." గ్లాసు బోర్లించింది. "ఆ పిల్ల నన్ను బిస్కెట్లు అడిగింది. కొనిచ్చాను. మామూలుగా మాట్లాడిందండీ. ఏ భయమూ లేనప్పుడు పిల్లలు ఎలా మాట్లాడతారో అలాగే. ఆ రోజు నేను విన్న గొంతు అచ్చం అదే. ఎక్కడా తేడా లేదు. మీ యంత్రం చాలా బాగా పనిచేస్తోంది."

అతనికి కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియలేదు. "నీకోసమే కదా చేశాను," అన్నాడు, అనకూడదని తెలిసీ.

"తెలుసు. నేనూ కోరుకున్నదే. వద్దని ఎప్పుడూ అనలేదు. హాయిగా ఉంది, వాడుకున్నాను." ఆమె గొంతు మొదటిసారి పెరిగింది. "ఆ పిల్ల అరిచింది నాకోసం. నాకు వినపడాలని అరిచింది. మధ్యలో మీరెవరు, నేనెవర్ని, అది వద్దనడానికి?"

 

సోమవారం ఇందుమతి కాత్యాయని గారి గదిలోకి వెళ్ళి, తన సీటుకి నెమ్మది తీసెయ్యమని అడిగింది. ఆవిడ వద్దంది. ఆరోగ్యం సంగతి గుర్తుచేసింది, పాత డాక్టరు కాగితాలు తీసి చూపించింది. ఇందుమతి అదే మాట నాలుగు రోజులు వరసగా వెళ్ళి అడిగింది. చివరికి ఆవిడ ఒప్పుకుంది, ఏం జరిగినా తన బాధ్యతేనని సంతకం పెట్టించుకుని. ఆపరేటర్లలో ఇంకెవరైనా తీసేయించుకుంటారేమో అడగమని త్రినాథ్‌కి చెప్పింది. అడిగాడు. లిఖిత కాల్ కూడా వినిపించాడు. ముగ్గురు ఏడ్చారు. ఒక్కరూ ముందుకు రాలేదు. వాళ్ళను తప్పుపట్టడానికి అతనికి మనసొప్పలేదు. ఈలోగా పక్క రాష్ట్రంవాళ్ళు వచ్చి నెమ్మదిని చూసి, మెచ్చుకుని, తమ కేంద్రానికీ కావాలన్నారు. వాళ్ళకి త్రినాథ్ ఆ రెండు రికార్డింగులూ వినిపించాడు. శ్రద్ధగా విని, ఇలాంటివి వారానికి ఎన్ని వస్తాయని అడిగారు. తెలిసినంతవరకు ఇదొక్కటేనని చెబితే, నోటు రాసుకుని వెళ్ళి, తరవాతి వారం ఆర్డరు పంపారు.

పద్నాలుగో సీటుకి యంత్రం తీసేసిన రోజు త్రినాథ్ ఏదో వంక పెట్టుకుని ఆమె పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ఆమె చెవిలో పడేదే తన చెవిలోనూ పడేలా ఒక హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. ఎదురుగా తెరమీద శబ్దం మట్టం పైకీ కిందికీ ఊగుతోంది. చుట్టూ ముప్ఫైతొమ్మిదిమంది ఒకే స్థాయిలో, నింపాదిగా మాట్లాడుకుంటున్నారు.

తొమ్మిదింబావుకి మొదటి కాల్ వచ్చింది, కాలు విరిగిన ముసలావిడ. తరవాత ఒక తప్పు నంబరు. మూడోది బైకు గుద్దుకున్న కుర్రవాడి స్నేహితుడు. రోడ్డుమీద నిలబడి వాడు పెట్టిన కేకకి తెరమీద మట్టం ఎరుపుదాటి చివరికి కొట్టుకుంది. పట్టీ ఇంకా ఇందుమతి చేతికే ఉంది. నాడి నూట ముప్ఫై దాటింది. త్రినాథ్ చెయ్యి దానంతటదే శబ్దం తగ్గించే మీట మీదికి పోయింది. ఇరవై ఏళ్ళుగా మట్టం ఎరుపెక్కితే ఆ చెయ్యి ఆగి ఎరగదు. ఆమె తెరమీంచి చూపు తిప్పకుండా అతని మణికట్టు పట్టుకుని పక్కకి పెట్టింది.

"ముట్టుకోకండి," అంది. వెంటనే ఫోన్లో, "చెప్పు నాన్నా, నేనున్నాను, ఏ రోడ్డు అది?" అంది.

అతను చేతులు కుర్చీ చేతికింద ఇరికించుకుని కూర్చున్నాడు. ఏ శబ్దాన్నైనా చదును చెయ్యడం తెలిసిన మనిషి, ఆమె ఒంట్లోకి దిగుతున్న దాన్ని చూస్తూ ఏమీ చెయ్యకుండా ఉండటానికి పళ్ళు బిగబట్టాడు. జీవితంలో అంత కష్టమైన పని అతను చెయ్యలేదు.

పదకొండు దాటాక ఒక కాల్‌లో ఎవరూ మాట్లాడలేదు. నెమ్మది ఉన్న సీటుకి వచ్చి ఉంటే అది పూర్తి నిశ్శబ్దం. మరీ చిన్న చప్పుళ్ళను గాలి రొదగా లెక్కగట్టి యంత్రం అసలు వినపడనివ్వదు. ఆపరేటరు మూడుసార్లు హలో అని పెట్టేసేవాడు. ఇందుమతి కళ్ళు మూసుకుంది. హెడ్‌ఫోన్ని చేత్తో చెవికి అదిమింది. త్రినాథ్‌కి ముందు ఏమీ వినపడలేదు. తరవాత, ఎక్కడో అడుగున, తడిగా ఒక ఊపిరి.

"మాట్లాడలేకపోతే పర్లేదండీ," అంది ఆమె. "ఫోన్ మీద వేలితో తట్టండి."

చాలాసేపు ఏమీ లేదు. తరవాత ఒక చప్పుడు. ఇంకొకటి.

ఆమె ఎరుపు గుర్తు పెట్టి, ఫోన్ టవరునిబట్టి చోటు కనుక్కుని, బండి పంపింది. అది చేరేదాకా పదకొండు నిమిషాలు ఆ ఊపిరితో మాట్లాడుతూనే ఉంది. బండివాళ్ళు తలుపు పగలగొట్టిన చప్పుడు వినపడ్డాక లైను తెగింది. హెడ్‌ఫోన్ తీసి లేచి, గోడ పట్టుకుని నడిచి బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది. వాంతి చేసుకోవడం త్రినాథ్‌కి కుర్చీ దాకా వినపడింది.

ముఖం కడుక్కుని చున్నీతో తుడుచుకుంటూ తిరిగొచ్చింది. పెదవులు తెల్లబడ్డాయి. చేతులు, ఆ కుక్కర్ రోజుల్లో వణికినట్టే వణుకుతున్నాయి. ఇలా ఎన్నాళ్ళో లాగలేదని ఇద్దరికీ తెలుసు. కొన్ని నెలలు కూడా ఉండలేకపోవచ్చు.

"ఇవాళ్టికి చాలు ఇందూ. ఇంటికెళ్దాం," అన్నాడు.

"షిఫ్టు రెండింటిదాకా ఉంది." ఆమె కూర్చుని హెడ్‌ఫోన్ సర్దుకుంది. "మీ కుర్చీ కొంచెం అటు లాక్కోండి. తెర సరిగ్గా కనపడటంలేదు."

అతను కుర్చీ లాక్కున్నాడు. ఫోన్ మోగింది. ఆమె ఎత్తింది.